అమ్మ రాలే, షుగర్ డౌనైంది

ముందే చెప్పేస్తాను, ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. ఇలాంటివి చదివేటప్పుడు ఆ ఒక్క ముక్క తెలియకపోతే నాకు మిగతాది బుర్రకెక్కదు. అందుకే ముందు చెప్పాను. నాకు షుగర్ ఉంది. తాతలకొచ్చేది కాదు, పిల్లలకొచ్చేది. మాత్రలతో లొంగదు, రోజూ సూది వేసుకోవాలి. ఈ మాట వినగానే ఎదుటివాళ్ళు "అయ్యో, చిన్నప్పుడు స్వీట్లు బాగా తిన్నావా?" అంటారు. తినలేదండీ. నాకు చిన్నప్పటి నుంచీ మిరపకాయ బజ్జీలే ఇష్టం.

ఇది రాస్తున్నది నా జబ్బు గురించి చెప్పుకోవడానికి కాదు, భాగ్య గురించి చెప్పడానికి. జబ్బుపడ్డ పిల్లల గురించి, వాళ్ళ అమ్మానాన్నల అవస్థల గురించి చాలామంది రాస్తారు. పక్క బెంచీలో కూర్చుని, ఎవరూ అప్పజెప్పకుండానే స్నేహితురాలి ప్రాణాన్ని కాపలా కాసే పదహారేళ్ళ పిల్లని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లోనూ పట్టించుకోలేదు.

తొమ్మిదో తరగతి, చలికాలం

మాది తణుకు వైపు. నాన్న ప్రభుత్వోద్యోగం వల్ల నేను పుట్టకముందే హైదరాబాద్ వచ్చి, లాల్‌దర్వాజాలో ఓ ఇంటి పైభాగం అద్దెకు తీసుకుని, అక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. నేను రెండూ మాట్లాడతాను. రెండు చోట్లా వెక్కిరింపులూ తింటాను.

ఆ చలికాలం నేను బిందెలకి బిందెలు నీళ్ళు తాగాను. బట్టలు వదులైపోయాయి. "ఎదిగే వయసు కదా, సాగుతోంది" అంది అమ్మ. ఓ పొద్దున మంచం మీంచి లేవలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వరండాలో బల్ల మీద గోడకి తల ఆనించి కూర్చున్నాను. ఎదుటి బల్ల మీద ఓ ముసలాయన నాలాంటి కాగితమే పట్టుకుని, నన్ను చూసి, ఇంత చిన్నదానికి ఇక్కడేం పని అన్నట్టు మొహం పెట్టాడు.

డాక్టర్‌ని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎప్పటికి తగ్గుతుందండీ?"

"తగ్గదమ్మా. చూసుకుంటూ ఉండాలి."

రెండో ప్రశ్న బయటికొచ్చాక నాన్నని అడిగింది. "ఇది ఎవరికైనా చెప్పాలా?"

"ఎందుకు చెప్పడం" అన్నాడు నాన్న.

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా జబ్బుకి పేరు లేకుండా పోయింది. "అది వేసుకున్నావా?" "అది చూసుకున్నావా?" అంతా "అదే". ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, మాట గల్లీ దాటితే ఇంక ఆగదు, ఇదీ వాళ్ళ భయం. సంబంధాల మాట వింటే నాకు నవ్వొచ్చింది. నవ్వితే అమ్మ ఏడ్చింది. అందుకని నేను కూడా ఎవరికీ చెప్పలేదు.

పదో తరగతి

భాగ్యకి తెలిసింది కూడా నేను చెప్పి కాదు. బడి బాత్‌రూమ్‌లో తలుపు గొళ్ళెం సరిగా పడేది కాదు. నేను పొట్టకి సూది వేసుకుంటుంటే తోసుకుని లోపలికొచ్చేసింది.

"ఏందే ఇది? ఏం లొల్లి పెట్టుకున్నవ్?"

చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. మా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. భాగ్య తలుపుకి వీపు ఆనించి, "సరే, చెప్ప. మరి నువ్వు గిట్ల పడిపోతే నేనేం జెయ్యాలె?" అంది.

ఆ ప్రశ్న మా ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. షుగర్ పెరిగితే ఏమవుతుందో అమ్మకి భయం, అంతే. షుగర్ పడిపోతే ఇంకా తొందరగా ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ చెప్పిన మాట ఇంట్లో నిలబడలేదు. "ఏదన్నా తీపి పెట్టు, వెంటనే" అన్నాను. మర్నాటి నుంచి భాగ్య బ్యాగులో చాక్లెట్లు వచ్చి చేరాయి.

భాగ్య వాళ్ళది మా గల్లీ చివర ఉన్న చిన్న పోచమ్మ గుడి. తరతరాలుగా దీపం పెట్టేది, ఊడ్చేది వాళ్ళే. వాళ్ళ నాయనమ్మ బాలమ్మ మీదికి ఏటా ఆషాఢంలో అమ్మవారు వస్తుంది. ఆమె శిగమూగుతుంటే పడిపోకుండా నడుము పట్టుకోవడం, అయ్యాక నీళ్ళు తాగించడం చిన్నప్పటి నుంచీ భాగ్య పని. మనిషి ఒళ్ళు ఎప్పుడు ఎటు తూలుతుందో చూస్తూ ఉండటం ఆ పిల్లకి అలా అబ్బింది. నా ఒళ్ళు కూడా అలాగే నేర్చేసుకుంది. షుగర్ పడేటప్పుడు నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత పై పెదవి మీద చెమట పడుతుంది, ఆ తర్వాత మాట తడబడుతుంది. నాకన్నా ముందు తనకే తెలిసేది.

"ఏయ్, మూతి మీద చెమట. తిను."

"నా వెంట పడకు. వద్దన్నానా!"

"తిన్నంక తిట్టు."

లెక్కల సారు పాఠం చెబుతుంటే బెంచీ కింద జరిగే భాగోతం ఇది. తినేవరకూ తిట్టేదాన్ని, తిన్నాక ఏం తిట్టానో మర్చిపోయేదాన్ని. భాగ్య కబడ్డీ బాగా ఆడేది, బడి జట్టులో ఉండేది. ఆ ఏడు మానేసింది. ఎందుకే అంటే "మోకాళ్ళు నొస్తున్నయ్" అంది. నేను నమ్మాను.

ఇంటర్ మొదటి ఏడాది, ఆషాఢం

ఇద్దరం ఒకే కాలేజీలో చేరాం. ఆ వేసవిలో అమ్మ మొక్కుకుంది. గల్లీలో వాళ్ళెవరో "అమ్మకు మొక్కుర్రి, అన్ని పోతయ్" అన్నారట. ఏ జబ్బో చెప్పకుండా, "పిల్లకి ఒంట్లో బాగుండట్లేదు" అని మాత్రం అమ్మ వాళ్ళకి చెప్పింది. నేను ఉపవాసముండి బోనమెత్తి, కుండలో వండిన అన్నం అమ్మవారికి పెట్టేదాకా ఏమీ ముట్టకూడదు. అదీ మొక్కు.

బాలమ్మ విని, "పిల్ల చాయ తాగొచ్చు, పండు తినొచ్చు. అమ్మ ఏమనదమ్మా" అంది. మా అమ్మ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక నాతో, "వాళ్ళది వాళ్ళ ఆచారం, వాళ్ళెలా చేసినా చెల్లుతుంది. మనం బయటివాళ్ళం. మనం తప్పు చేస్తే వేలెత్తి చూపిస్తారు" అంది.

ఆ ఆదివారం పొద్దున అమ్మ కుండకి పసుపు పూసి, సున్నం బొట్లు పెట్టి, వేపాకు కట్టింది. మా గల్లీలో చాలామంది బోనంలో పెరుగన్నమే పెడతారు. మా అమ్మ తణుకు చెయ్యి ఊరుకుంటుందా, పాలల్లో బియ్యం ఉడికించి, చిక్కగా బెల్లం పోసి పరమాన్నం చేసింది. అంతా అయ్యాక, "అది వేసుకో" అంది.

"తినకుండా వేసుకుంటే పడిపోతుందమ్మా."

"ఉపవాసం తిండికి గానీ మందుకి కాదుగా. మందు మానకూడదని డాక్టరే చెప్పాడు. ఎంతసేపు, గుడి ఇక్కడే. అమ్మవారి పని మీద వెళుతుంటే ఏమీ కాదు."

దేవుడికి లోపం రాకూడదు, వైద్యానికీ లోపం రాకూడదు. రెండూ శ్రద్ధగా చేసింది. నేను వేసుకున్నాను. పోతుందేమో, నిజంగానే పోతుందేమో అని నాకూ లోపల ఆశ ఉంది. ఆశ ఉన్నప్పుడు తెలిసిన సంగతులు కూడా పనికిరావు.

భాగ్య లంగా ఓణీలో వచ్చింది, చేతిలో చిన్న కవర్లో చాక్లెట్లు. అమ్మ చూసింది.

"ఉపవాసంలో అవేంటమ్మా? ఇలా ఇవ్వు."

"తినుమంటలేను ఆంటీ. దగ్గర పెట్టుకుంటనంతే."

"ఉంటే తింటుంది. ఇటివ్వు."

పెద్దవాళ్ళు చెయ్యి చాపితే ఇవ్వక తప్పుతుందా? ఇచ్చేసింది. నా చెవి దగ్గరకొచ్చి, "సూది తీస్కున్నవా?" అని అడిగింది. తలూపాను. "పాగల్ గిట్ల అయినవా?" అంది. ఇంతలో డప్పులొచ్చాయి.

ఆడవాళ్ళంతా బోనాలెత్తి గల్లీలో బారుగా నిలబడ్డాం. ఇంటింటికీ ఆగి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తున్నారు. మూల దగ్గర పక్క గల్లీ వాళ్ళ ఊరేగింపు అడ్డం వచ్చింది. ఎవరు ముందు వెళ్ళాలో తేలక రెండు వైపులా ఆగిపోయాం. నాకు గుర్తున్నది అక్కడిదాకానే. కుండకి కట్టిన వేపాకు నా చెంపకి తగులుతుంటే దాని మీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత డప్పు చప్పుడు ఎక్కడో దూరంగా వెళ్ళిపోయింది.

మిగతాది నలుగురూ చెప్పగా విన్నాను. నేను ఊగడం మొదలుపెట్టానట. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు తేలేస్తున్నాను, పొంతన లేని మాటలేవో అంటున్నాను. పక్కనున్నామె నా తల మీంచి బోనం అందుకుంది. డప్పులవాళ్ళు చూసి దరువు పెంచారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు.

"అమ్మ వచ్చింది! పోరి మీదికి అమ్మ వచ్చింది!"

చేతుల్లో వేపమండలు పెట్టారు. తల మీద పసుపునీళ్ళు పోశారు. ఒక పెద్దాయన చేతులు జోడించి, "ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాలె నీకు? పలుకు తల్లీ" అని అడుగుతున్నాడు. మా అమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తోంది. సంతోషంతో. అమ్మవారు స్వయంగా వచ్చి నా జబ్బుని తీసుకుపోతోందనుకుంది. ఆమెని నేను ఎగతాళి చెయ్యను. ఆమె చోట నేనున్నా అలాగే అనుకునేదాన్ని.

భాగ్య గుంపుని తోసుకొచ్చి నా మెడ మీద చెయ్యి పెట్టింది. ఐసులా ఉందట. వాళ్ళ నాయనమ్మకి అమ్మవారు వస్తే ఒళ్ళు కాలిపోతుంది. ఆ తేడా అంతమందిలో ఆ పిల్లకే తెలుసు.

"అమ్మ రాలే! షుగర్ డౌనైంది! ఈమెకు షుగర్ ఉన్నది, జరుగుర్రి!"

నాకు వేసిన ఒట్టు అలా పోయింది, గల్లీ మొత్తం వింటుండగా. విన్నా ఎవరూ జరగలేదు. "ఏయ్ పోరీ, నోర్ముయ్, కండ్లు పోతయ్" అని ఎవరో గదిమారు. దుకాణాలన్నీ గుంపు వెనకాల ఉన్నాయి. చాక్లెట్లు మా ఇంట్లో ఉన్నాయి. భాగ్య పక్కామె చేతిలోంచి నా బోనం లాక్కుంది. పైనున్న దీపం తీసి కింద పెట్టి, కుండలో చెయ్యి పెట్టి, ఇంకా నైవేద్యం పెట్టని ఆ పరమాన్నం తీసి నా నోట్లో కుక్కింది.

డప్పులు ఆగిపోయాయట. అమ్మ అరుపు మాత్రం వినిపించిందట. "ఎంగిలి చేసేసింది! అమ్మవారి బోనం ఎంగిలి చేసేసింది!" అంటూ లేచి భాగ్య చెంప మీద కొట్టింది.

"కొట్టుర్రి ఆంటీ. గని నా చెయ్యి పట్టుకోకుర్రి" అంది భాగ్య. ఇంకో ముద్ద పెట్టింది. బెల్లం పాకం వేలితో తీసి నా చెంపల లోపల రాసింది.

నాకింకా మింగే తెలివి ఉంది కాబట్టి సరిపోయింది. పూర్తిగా తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పెట్టకూడదని, అప్పుడు నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్ళాలని ఆ రోజు చూసిన డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఇది చదువుతున్నవాళ్ళు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆస్పత్రిలో లోపలికి ఇంటివాళ్ళనే రానిచ్చారు. "నువ్వేమైతవ్?" అని గేటు దగ్గర అడిగితే "దోస్తును" అందట భాగ్య. దోస్తులు బయట కూర్చోవాలన్నారు. చెప్పుల్లేని పసుపు కాళ్ళతో వరండాలో కూర్చుంది. ఎవరి కోసమో వచ్చిన ఒక బురఖా ఆవిడ "ఖాలే బేటీ" అని చాయ్, బన్ను చేతిలో పెట్టిందట. ఆ బన్ను గురించి భాగ్య ఇప్పటికీ చెబుతుంది.

లోపల డాక్టరమ్మ అడిగింది, "సమయానికి తీపి పెట్టారు. ఎవరు పెట్టింది?"

"తెలీదండీ. గుంపులో ఎవరో" అంది మా అమ్మ.

నాకప్పటికి తెలివి వచ్చింది. ఆ మాట విన్నాను. విని కళ్ళు మూసుకున్నాను.

శ్రావణం

"దాని వల్లే ఊరంతా తెలిసిపోయింది" అని అమ్మ భాగ్యని ఇంటికి రానివ్వలేదు. వాళ్ళింటికెళ్ళి, మా అమ్మాయితో తిరగొద్దని చెప్పి కూడా వచ్చింది. కాలేజీలో భాగ్య బెంచీ మార్చింది. దూరం నుంచి నా మూతి వైపు చూసేది. నేను చూస్తే తల తిప్పుకునేది. గల్లీలో కొందరు బోనం ఎంగిలైందని గొణిగారు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి బండి పోయినా ఆ పిల్ల ఖాతాలోనే వేశారు.

నా సంగతి బయటపడితే కొంపలు మునుగుతాయనుకున్నాం కదా, ఏమీ మునగలేదు. కింద ఇంటావిడ చక్కెర లేని చాయ్ వేరే గ్లాసులో పంపింది. కిరాణా కొట్టులో ఆమె, "మా తమ్ముని బిడ్డకు గూడ గదే. ఫికర్ చెయ్యకు" అంది. అంతే. నాకు భాగ్య లేకపోవడం ఒక్కటే కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది. ఎవరితో పోట్లాడాలో తెలిసేది కాదు.

ఓ సాయంత్రం బాలమ్మ మా మెట్లెక్కి వచ్చింది. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బోనం ఎంగిలైందని నీకు రంది ఉన్నట్టున్నది. ఇన్నేండ్ల సంది నా మీదికి వస్తది అమ్మ. నా పిల్లలను ఉపాసం పెట్టి సంపుర్రి అని ఒక్కనాడు గూడ పలకలే. గది ఇడిసిపెట్టు. నేను బోనం గురించి రాలే."

"మరి?" అంది అమ్మ.

"నా మనుమరాలి గురించి వచ్చిన. పోరి నిద్ర పోతలేదు. ఇయ్యాల నిన్నటిది గాదు, ఏడాది దాటె. నిద్రల లేసి నా చేతులు పట్టి సూస్తది, సల్లగున్నయా, ఎచ్చగున్నయా అని. అడిగితే చెప్పదు, ఒట్టేసిన అంటది. గిప్పుడు సమజైంది నాకు. ఏమమ్మా, నీ బిడ్డను సూస్కునేటందుకు ఈ బస్తీ మొత్తంల నా పోరి ఒక్కతే దొరికిందా?"

"నాకు తెలీదు పెద్దమ్మా" అంది అమ్మ. ఈసారి ఆ మాట నిజమే.

"నీకు తెల్వదు. నీ బిడ్డకు గూడ తెల్వదు" అని బాలమ్మ మెట్లు దిగిపోయింది. నేను తలుపు కర్టెన్ వెనకాలే ఉన్నాను.

మర్నాడు గుడికి వెళ్ళాను. భాగ్య చింతపండుతో దీపాలు తోముతోంది. పక్కన కూర్చున్నాను.

"ఇంకమీద నాకు కాపలా కాయకు" అన్నాను.

"ఆంటీ చెప్పమన్నదా?"

"నేనే చెప్తున్న."

"మరి ఎవరు చూస్తరే నిన్ను? నీ మూతి మీది చెమట నీకు తెల్వదాయె."

"అందరికీ చెప్త. క్లాసుల నిలబడి చెప్త."

"నువ్వా? లైట్ తీస్కో" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "భయమైతదే నాకు. రోజూ భయమే. నువ్వు ఫోనెత్తకపోతే సచ్చిపోయినవేమో అనుకుంట. గది ఎవరికి చెప్పుకోవాలె నేను? చెప్పొద్దంటివి గద."

చింతపండు చేతులతోనే పట్టుకుని ఇద్దరం కాసేపు ఏడ్చాం. బాలమ్మ చూసి, "దీపాలు ఎవరు తోముతరు మరి?" అంది.

ఆ సోమవారం కాలేజీకి బయల్దేరుతూ అమ్మకి చెప్పాను, ఇవాళ క్లాసులో అందరికీ చెప్పేస్తున్నానని. అమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత, "గట్టిగా చెప్పు. వెనక బెంచీ వాళ్ళకి కూడా వినపడాలి" అంది.

మేడమ్‌ని అడిగి ముందుకొచ్చి నిలబడ్డాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. అది షుగర్ పడి కాదు. నాకు షుగర్ ఉందన్నాను. కారణం లేకుండా కోపం తెచ్చుకుంటే నా పై పెదవి వైపు చూడండి, చెమట ఉంటే తీపి పెట్టండి, నేను తిట్టినా సరే పెట్టండి అన్నాను.

"నువ్వెప్పుడూ కోపంగనే ఉంటవ్ గదనే. మాకెట్ల తెల్వాలె?" అంది మూడో బెంచీలోంచి ఒకమ్మాయి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి నా డెస్కు మీద నాలుగు రకాల చాక్లెట్లు చేరాయి. ఒకటి కొబ్బరిది, నాకు పడదు. వాళ్ళలో ఒకమ్మాయి నా సూది ఎలా పనిచేస్తుందో అడిగి చూసి వెళ్ళింది. భాగ్య కిటికీ దగ్గర కూర్చుని ఇదంతా చూస్తోంది. దగ్గరికి రాలేదు. వచ్చే అవసరం పడలేదు.

సాయంత్రం ఇద్దరం ఒకే సీట్లో కూర్చుని ఇంటికి బయల్దేరాం. బస్సు రెండు మలుపులు తిరిగేసరికి భాగ్య తల నా భుజం మీదికి జారింది. నోరు తెరుచుకుని, చిన్నగా గుర్రు కూడా పెడుతూ నిద్రపోయింది. పక్కన ఎవరో పిల్ల ఏడ్చినా, డ్రైవర్ సడెన్‌గా బ్రేకు వేసినా కదల్లేదు. లాల్‌దర్వాజా వచ్చింది. "దిగుతరా?" అని కండక్టరమ్మ అడిగింది. నేను వేలు పెదాల మీద పెట్టుకుని, ఇంకా ముందుకి, ఉప్పుగూడ దాకా, ఆడవాళ్ళకి డబ్బుల్లేకుండా ఇచ్చే జీరో టికెట్లు ఇంకో రెండు కొట్టమని మెల్లగా చెప్పాను.